దొరగారి కారుకు మారుమనస్సు

"ఇంజెక్షను నాకొద్దు! సూది పట్టుకుని ఎవులు దగ్గరకొచ్చినా సెయ్యి కొరికీగల్ను!"

ఆరోగ్యమ్మ అరుపుకు ప్రహరీ మీది కాకులు లేచిపోయాయి. డెబ్భై నాలుగేళ్ల మనిషి మంచం దిగి, కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, పెరట్లో రేకుల షెడ్డు కింద ఉన్న దొరగారి కారు దగ్గరికి పరుగున వెళ్లి, లోపల కూర్చుని తలుపు ధడాలున వేసుకుంది. ఆ కారుకు టాపు లేదు. కాబట్టి తలుపు వేసుకున్నా తల బయటే ఉంది. ఆ తల మాత్రం ఎవరికీ వంగేది కాదు.

జరిగిందింతే. కోడలి తమ్ముడు ఫ్రాన్సిస్ గుమ్మంలోంచే "అక్కా, ఇంజను వచ్చీసింది! మధ్యాన్నానికి ఎక్కించీడమే!" అని కేకేశాడు. అక్క పుష్పకుమారి ఆస్పత్రిలో నర్సు. నర్సున్న ఇంట్లో, చెవులు సగమే పనిచేసే అత్తగారికి ఆ మాట ఎలా చేరాలో అలాగే చేరింది.

"ఇంజెక్షను కాదత్తా, ఇంజను!" అన్నాడు ఫ్రాన్సిస్, షెడ్డు దాకా వచ్చి.

"ఎవులికి?"

"కారుకి."

ఆరోగ్యమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. సూది భయం దిగిపోయిన ముఖంలోకి అంతకంటే పెద్ద భయం ఎక్కింది.

"అయితే అసలు దిగను," అంది.

ఈలోగా వీధి తలుపులోంచి ఇంజను రానే వచ్చింది. నలుగురు మనుషులు వెదురు బొంగుకు తాళ్లతో కట్టి మోసుకొస్తున్నారు. ముందు దాలయ్య నడుస్తున్నాడు. ఫిషింగ్ హార్బరులో అతనికి మరబోటుంది. బోటుకు కొత్త ఇంజను బిగించుకుని, పాత డీజిలు ఇంజనును స్నేహం కొద్దీ వీళ్లకు ఇచ్చేశాడు.

"ఎక్కడ దించమంటావ్ బావా? మావోళ్ల బుజాలు తెగిపోతన్నాయి."

"ఎక్కడైనా సరే," అన్నాడు జ్ఞానదాసు.

ఈ ఇంటి యజమాని ఈయనే. పోర్టు వర్కుషాపులో ఫిట్టరు. ఇంట్లో మాత్రం దేనికీ ఫిట్టు కాడని భార్య అభిప్రాయం. పేరులో జ్ఞానం ముందుంది, దాసు వెనకున్నాడు. బతుకులో దాసుడే ముందు పరుగెత్తి వెళ్లి 'సరే' అనేసి వస్తాడు. జ్ఞానం తీరుబడిగా మర్నాడు వస్తుంది.

ఈస్టరు నాడు తల్లి అడిగింది: "ఒరే దాసూ, నాను పోయేలోగా ఈ కారుని మీ అయ్య నడిపినప్పుడు ఎలాగున్నదో అలాగ సేసి సూపించరా." సరే అన్నాడు.

వానాకాలంలో భార్య అడిగింది: "ఆ కారుకి టాపేయించి, వెనకాల సీటేయించి తమ్ముడికిద్దామండీ. పెళ్లిళ్లకి తిప్పుకుంటాడు." సరే అన్నాడు.

ఆ రెండు సరేలూ ఇప్పుడు పెరట్లో ఎదురెదురుగా నిలబడ్డాయి. మధ్యలో వెదురు బొంగుకు ఇంజను వేలాడుతోంది.

"దించండ్రా," అన్నాడు దాలయ్యే చివరికి. ఇంజను దిగింది. ఆరోగ్యమ్మ దిగలేదు.

*

కారు పేరు ఎం.జి. అంటే ఏమిటో ఇంగ్లండు వాళ్లకు తెలుసు. ఈ ఇంట్లో మాత్రం 'మా గోల' అని అర్థం. ఓడలను రేవులోకి నడిపించే పైలట్‌గా పనిచేసిన హార్పర్ దొర, 1950లో తను ఓడెక్కి వెళ్లిపోతూ డ్రైవరు ఏసుదాసుకు ఇచ్చిన కారు అది. ఆకుపచ్చ రంగు, సైకిలుకున్నట్టు చువ్వల చక్రాలు, సరిగ్గా రెండే సీట్లు.

ఆ రోజు ఏసుదాసు రేవు నుంచి నేరుగా ఇంటికొచ్చి పెళ్లాన్ని ఎక్కమన్నాడు. ఆరోగ్యమ్మకు మొగుడి వెనకాల నాలుగడుగుల దూరంలో నడవడమే తెలుసు. కారులో వెనకాల చోటు లేదు. కాబట్టి పక్కనే కూర్చుంది. బీచి రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి వచ్చారు. అదే మొదటిసారి, అదే ఆఖరుసారి. తరవాత ఉప్పుగాలికి ఇంజను పట్టేసింది. పెట్రోలు కొనే జీతం ఎలాగూ లేదు.

"నువ్వు కూకున్న సీటు ఎక్కడికీ పోదత్తా," అంటున్నాడు ఫ్రాన్సిస్, కారు రెక్క మీద చెయ్యి వేసి, సాధ్యమైనంత తియ్యగా. "అది అలాగే ఉంటాది. ఎనకాల ఇంకో సీటేత్తాం, అంతే. నలుగురు కూకుంటారు."

"ఎనకాల సీటుంటే మా ఆడోళ్లనెవులు ముందు కూకోబెడతార్రా?"

ఫ్రాన్సిస్ రెక్క మీంచి చెయ్యి తీసేశాడు. దాలయ్య మనుషుల్లో ఒకడు నవ్వబోయి, దాలయ్య ముఖం చూసి మానేశాడు.

జవాబు పుష్పకుమారి దగ్గరుంది. ఆమె డ్యూటీకి వెళ్లాల్సిన మనిషి. తెల్లచీర సగం ఇస్త్రీతో బయటికొచ్చింది.

"అత్తయ్యా, పోయినాయన గురుతుని నేను కాదన్లేదు. ఉన్నోడి బతుకేటో చెప్పండి. మా తమ్ముడు గాజువాక దగ్గర ఉన్న రెండెకరాలూ ఫ్యాక్టరీకి ఇచ్చీసినాడు. వ్యవసాయం తప్ప ఇంకో పని రాదు. ఆర్నెల్లనుంచి మన ముందుగదిలో మడతమంచం మీద పడుకుంటన్నాడు. ముప్పై రెండేళ్లోడు మడతమంచం మీద ఎన్నాళ్లు మడిచిపెట్టుకుంటాడు కాళ్లు?"

"నాను కాదన్నానేటి? ఇంకో బండి సూసుకోమను."

"ఇంకో బండి ఎవరిత్తారు? ఇంట్లో ఉన్నదాన్ని తుడుచుకుంటా కూర్చుని..."

"తుడిసింది మీ మావ! నన్ననకు, ఆయన్ననకు!"

"నేనెవర్నీ అన్లేదు!"

ఇద్దరూ ఒక్కసారిగా ఆగి జ్ఞానదాసు వైపు తిరిగారు. ఈ ఇంట్లో ఏ తగవైనా చివరికి ఇలాగే ఆగేది. మాటలన్నీ అయిపోయాక కళ్లు అతని మీదికి వచ్చి వాలేవి, వేలాడదీసిన గాలం మీదికి చేప వచ్చినట్టు కాదు, చేప మీదికి గాలం వచ్చినట్టు.

"చూద్దాం," అన్నాడు చేప.

పుష్పకుమారి లోపలికి వెళ్లిపోయింది. ఇస్త్రీపెట్టె చీర మీద కాక మనిషి మీద పడ్డట్టు చప్పుడైంది.

*

మధ్యాహ్నం ఆరోగ్యమ్మకు అన్నం కారులోకే వెళ్లింది. కంచం స్టీరింగు మీద పెట్టుకుని నిదానంగా తిని, నీళ్లు పెరట్లోకి పుక్కిలించి, అక్కడే కునుకు తీసింది.

తల్లి గురక వినబడ్డాక జ్ఞానదాసు టేపు పట్టుకుని బానెట్ ఎత్తాడు. కొలతలు తీస్తున్నానని ఎవరైనా అడిగితే చెప్పడానికి టేపు. అతను చూడ్డానికి వచ్చింది వేరు.

ఇంజను దిమ్మకు ఎడమ పక్కన, నల్లరంగు కింద, ఈ చివర నుంచి ఆ చివర దాకా సన్నటి గీత. వేలు పెట్టి తడిమితే తప్ప తెలియదు. అతని వేలుకు ఇరవై రెండేళ్లుగా తెలుసు.

అప్పటికి అతను వర్కుషాపులో కొత్త ఫిట్టరు. బోటు ఇంజన్లు విప్పి విప్పి చెయ్యి తిరిగిందనుకున్న రోజులు. పట్టేసిన ఈ ఇంజను పైమూత ఊడదీసి తండ్రిని మెప్పిద్దామనుకున్నాడు. హార్బరులో మూత పట్టేస్తే సందులో ఉలిపెట్టి, పెద్ద సుత్తితో ఒక్కటిస్తారు. బోటు ఇంజను దున్నపోతు, దెబ్బ తిని కూడా లేచి నడుస్తుంది. ఇది లేడిపిల్ల. మూత లేచింది. దానితోపాటు దిమ్మ పగిలింది. పగులుకు సీసం పోసి, రంగు పూసి, మూత మళ్లీ బిగించాడు. పుండుకు పౌడరు రాసినట్టు.

అలాంటి దిమ్మ ఈ దేశంలో దొరకదు. సీసం పోసినది ఇంజను లోపలి పేలుడు తట్టుకోదు. అంటే అమ్మ కోరినట్టు, అయ్య నడిపిన కారుగా అది మళ్లీ నడవదు. ఇంజను మార్చక తప్పదు. కానీ మార్చక తప్పదని చెప్పాలంటే దాన్ని చంపింది తనేనని చెప్పాలి. దాలయ్య ఇచ్చిన డీజిలు ఇంజను పట్టాలంటే ముందు కారు అడుగు చట్రం, చాసీ, కొయ్యాలి. ఒకసారి కోస్తే అమ్మ కూర్చున్న ఆ సీటుకు కింద నేల ఉండదు.

చెప్పలేడు. కొయ్యలేడు. నడపలేడు. కారుకు నాలుగు గేర్లున్నాయి, అతనికి ఒక్కటీ పడటం లేదు. ఆఖరికి రివర్సు కూడా.

"ఎక్కడ కొయ్యాలో తేలిందా?"

వెనక పుష్పకుమారి. డ్యూటీకి బయల్దేరి, సంచి భుజాన వేసుకుని నిలబడింది.

"చూత్తన్నాను."

"మీకు 'సరే', 'చూద్దాం' తప్ప మూడో మాట రాదేటండీ?"

అతను టేపు చుట్టాడు. మళ్లీ విప్పాడు.

"ఒక్కమాట చెప్పీండి. కొయ్యనంటే కొయ్యనని చెప్పీండి. వాణ్ణి పెందుర్తిలో మా పిన్ని దగ్గరికి పంపీసుకుంటాను. మీ అమ్మని సుఖంగా కారులో కూర్చోనివ్వండి. నేనేటీ అన్ను."

మూడో మాట గొంతు దాకా వచ్చింది. పగిలిపోయింది పుష్పా, నేనే పగలగొట్టాను. గొంతు దగ్గర అదీ పట్టేసింది. దీనికి ఉలి ఎవరు పెడతారు?

ఆమె భుజాన సంచి సర్దుకుంది. తరవాత చెప్పుల చప్పుడు వీధి దాకా వెళ్లి ఆగిపోయింది.

*

రాత్రి ఎనిమిది దాటాక పాస్టరు అయ్యగారు వచ్చారు. మర్నాడు ఆదివారం కోత పండుగ, ఆ సంగతి గుర్తు చెయ్యడానికి ఇల్లిల్లూ తిరుగుతున్నారు. కారులో కూర్చునే ఆరోగ్యమ్మ వందనం పెట్టింది. సంగతి కనుక్కోవడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు. అందరూ ఒకేసారి చెప్పారు.

"అంటే," అన్నారు ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "అమ్మగారిది పునరుత్థానం పక్షం, పోయింది లేవాలంటారు. సిస్టరుగారిది మారుమనస్సు పక్షం, పాతది కొత్తగా మారాలంటారు."

డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన పుష్పకుమారికి కూడా నవ్వాగలేదు. రెండూ పవిత్రమైనవే కావడంతో తగవు కాస్త చల్లబడింది.

"రేపు ఆ బండిని గుడికి తీసుకురండి. ఆరాధన, కానుకలు అయ్యాక ప్రార్థన చేసి చీట్లు వేద్దాం. ఒక చీటీలో పాతగా, ఒక చీటీలో కొత్తగా. ఏది వస్తే అది దేవుని చిత్తం. అపొస్తలులు కూడా చీట్లు వేశారు కదా."

"దేవుడు సెప్తే నాను దిగుతాను," అంది ఆరోగ్యమ్మ.

"దేవుడు చెప్తే నేనూ ఊరుకుంటాను," అంది పుష్పకుమారి.

"నువ్వేమంటావు జ్ఞానదాసూ?"

"సరే అయ్యగారూ."

ఇంత మనస్ఫూర్తిగా సరే అనడం అతనికి చాలా ఏళ్ల తరవాత ఇదే. దేవుడు తన మీది బరువును తీసి రెండు కాగితం ముక్కల మీద పెడుతున్నాడు. పునరుత్థానం చీటీ వస్తే ఏం చెయ్యాలన్నది మర్నాటి జ్ఞానానికి వదిలేశాడు.

*

కోత పండుగంటే గుడి సగం బజారు. ఎవరి ఇంట పండింది వాళ్లు తెస్తారు. వరికంకులు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఏమీ పండని ఉద్యోగస్థులు కొని తెస్తారు. ఆరాధన కాగానే సంఘపెద్ద ఆనందకుమార్ బల్ల పక్కన నిలబడి వేలం వేస్తాడు. ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు. మైకుకే ఆయన గొంతు కావాలి. వేలంలో పాల్గొనడానికి మతం అడ్డు కాదు. దాలయ్య ఏటా వచ్చి కోడిపుంజును పాడుకుని వెళ్తాడు. ఏడాదంతా చేపలు తినే నోటికి ఆ ఒక్కరోజు మారుమనస్సు.

ఆరోగ్యమ్మను కూర్చోబెట్టుకునే కారును తెల్లారగట్లే పందిటి కిందికి తోసుకొచ్చి పెట్టారు. ఆరాధనకు మాత్రం ఆమె దిగింది. ఎండ పడని చోటు అదొక్కటే. పదయ్యేసరికి బల్లల మీద చోటు చాల్లేదు. ఎవరో ఒకావిడ బుట్ట దించుకోవడానికి చోటు కనబడక గుమ్మడికాయను కారు సీటులో పెట్టింది. ఇంకావిడ పక్కసీటులో గెల పెట్టింది. చూస్తుండగానే కారు నిండింది. బానెట్ మీద కొబ్బరికాయలు, రెక్కల మీద వరికంకులు, స్టీరింగుకు ఒక కోడి. టాపులేని కారుకు పంటే టాపైంది.

ఆనందకుమార్ పుస్తకం, పెన్సిలు పట్టుకుని వచ్చాడు. కారు దగ్గర ఆగి, పెన్సిలుతో ఈ చివర నుంచి ఆ చివర దాకా గాల్లో ఒక గీత గీశాడు.

"బ్రదరూ, ఇదంతా కానుకల్లోకే గదా?"

జ్ఞానదాసు చూపు పీఠం దగ్గరుంది. అయ్యగారు రెండు కాగితాలు మడుస్తున్నారు, సమానంగా.

"ఆఁ, సరే," అన్నాడు.

ఆనందకుమార్ కళ్లు చెమర్చాయి. జ్ఞానదాసు భుజం తట్టి, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. గుమ్మడికాయలకు ఇంత కదిలిపోయాడేమిటా అనుకున్నాడు జ్ఞానదాసు.

అయ్యగారు కానుకలన్నిటి మీదా చేతులు చాపి ప్రార్థన చేశారు. ఇందులో ఉన్న సమస్తాన్నీ అంగీకరించమన్నారు. సంఘమంతా ఆమేన్ అంది. ఆరోగ్యమ్మ అంది, పుష్పకుమారి అంది, ఫ్రాన్సిస్ అన్నాడు, జ్ఞానదాసు అందరికంటే గట్టిగా అన్నాడు.

వేలం మొదలైంది. బల్లలు ఖాళీ అయ్యాయి. కారు ఖాళీ అయింది. స్టీరింగు మీది కోడి దాలయ్య చంకలోకి వెళ్లింది. ఇక చీట్లే అనుకుని జ్ఞానదాసు లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడు!" అన్నాడు ఆనందకుమార్, గొంతు వణుకుతుండగా. "మన సంఘంలో ఇన్నాళ్లుగా ఎవరూ తేనంత పెద్ద కానుక! తండ్రి ఏసుదాసుగారి గురుతుగా బ్రదర్ జ్ఞానదాసు కుటుంబం ప్రభువుకు అర్పించిన కారు! పాట ఎవరిది?"

వెనకెక్కడో ఒక కంట్రాక్టరు గొంతు సవరించుకుని పాడాడు. దాలయ్య అతని వైపు చూశాడు, జ్ఞానదాసు వైపు చూశాడు. బావ కారు పరాయివాడి పాలు కావడం ఇష్టం లేక తనూ పాడాడు. కంట్రాక్టరు పెంచాడు. దాలయ్య కోడిని ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని పెంచాడు.

"ఒకటోసారి..."

జ్ఞానదాసు నోరు తెరవాలి. తెరవలేదు. ఆశ్చర్యం అదికాదు. రొమ్ము మీంచి ఎవరో నిజంగానే చాసీ ఎత్తినట్టుంది. ఊపిరి కడుపుదాకా దిగింది. కారు తనది కాదు. పగులు తనది కాదు. కొయ్యక్కర్లేదు, చెప్పక్కర్లేదు.

"రెండోసారి... మూడోసారి! దాలయ్యగారికి!"

చప్పట్లు. ఆ చప్పట్ల మధ్య ఇరవై రెండేళ్లకు మొదటిసారి అతను హాయిగా నిలబడ్డాడు. అలా నిలబడే ఆడవాళ్ల చాపల వైపు చూశాడు.

*

ఆరోగ్యమ్మ, పుష్పకుమారి ఒకే చాప మీద కూర్చున్నారు. మధ్యలో గజం దూరం.

"కచ్చ కొద్దీ సేసినావు పుష్పా," అంది ఆరోగ్యమ్మ. గొంతు పెద్దది కాదు. "నీ తమ్ముడికి దక్కదని తెలిసీసరికి, నాకూ దక్కకుండా రాయించీసినావు."

"నేనా! మీరే రాయించేరు! చీటీలో 'కొత్తగా' అని వత్తాదేమోనని దేవుడి ముందుకే తోసీసేరు. దేవుడు అడ్డొత్తే ఎవరూ నోరెత్తరని!"

"పెద్దాయన గురుతుని నాను వేలం పాడిత్తానా?"

"నా తమ్ముడి నోటికాడది నేను పాడిత్తానా?"

అందరూ వింటున్నారు. ఫ్రాన్సిస్ తల వంచుకుని గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నాడు. అవి అతని ఎదురుగానే ఉన్నాయి.

తరవాత ఇద్దరూ మాట్లాడలేదు. అరుచుకున్నంతసేపూ జ్ఞానదాసుకు భయం లేదు. పదిహేనేళ్లుగా అలవాటే. ఈ నిశ్శబ్దం కొత్తది. ఆరోగ్యమ్మ కొంగుముడి విప్పి ఇంటి తాళంచెవి తీసి, కోడలి వైపు చాప మీద పెట్టింది.

"నాను గుడి వరండాలో ఉంటాను. అయ్యగారు కాదన్రు. ఇకనించి నీ ఇంటికి రాను."

పుష్పకుమారి తాళంచెవి ముట్టుకోలేదు. "నేనే ఎల్తాను. తమ్ముణ్ణి తీసుకుని పెందుర్తి ఎల్తాను. ఇల్లు మీ అబ్బాయిది."

తాళంచెవి ఇద్దరి మధ్య ఉంది. ఎవరూ తీయడం లేదు. అది తనకోసమే అక్కడ ఉందని జ్ఞానదాసుకు తెలిసింది. వచ్చిన ఊపిరి వచ్చిన దారినే పోయింది.

అతను బల్ల దగ్గరికి నడిచాడు. సంఘంలో సాక్ష్యం చెప్పేవాళ్లు నిలబడే చోటు అదే. ఇన్నేళ్లలో ఎప్పుడూ అక్కడ నిలబడలేదు.

"ఎవరూ రాయించలేదు," అన్నాడు. గొంతు పెగిలేసరికి అతనికే వింతగా ఉంది. "అమ్మ రాయించలేదు, పుష్ప రాయించలేదు. కారు ప్రార్థనకే వచ్చింది, కానుకకి కాదు. చోటు లేక దాన్లో పళ్లు పెట్టేరు. ఇదంతా కానుకల్లోకేనా అని ఆనందకుమార్‌గారడిగేరు. నేను సరే అన్నాను. ఆయన తప్పు లేదు."

"పళ్లనుకుని అన్నారు. అంతేగా?" అన్నాడు ఆనందకుమార్ కంగారుగా. "అయితే దిద్దేద్దాం..."

"పళ్లని కూడా అనుకోలేదండి. నేను వినలేదు. ఎవరేటడిగినా వినకుండా సరే అంటాను. అమ్మకీ అన్నాను, పుష్పకీ అన్నాను." ఆగాడు. "మూడోసారీ అని మీరంటే నాకు హాయిగా ఉంది. అది చెప్పాలి. ఎందుకు హాయిగా ఉందో అదీ చెప్పాలి."

ఫ్రాన్సిస్ చెప్పులు వదిలేసి తలెత్తాడు.

"ఆ ఇంజను పగిలిపోయింది. నేనే పగలగొట్టేను, యాభై ఎనిమిదిలో. పట్టేసిన మూతకి ఉలిపెట్టి, బోటు ఇంజనుని కొట్టినట్టు కొట్టేను. సీసం పోసి రంగేసేను. అది నడవదు. ఏ చీటీ వచ్చినా నడవదు. తెలిసే అమ్మకి సరే అన్నాను. ఇన్నాళ్లూ మిమ్మల్నిద్దర్నీ కొట్లాడుకోనిచ్చేను."

పందిట్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

పుష్పకుమారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఒక్క మాట," అంది లోపల్లోపలే, "నాతో ఒక్క మాట చెప్తే..."

దాలయ్య ముందుకొచ్చాడు. "ఇదంతా నాకెందుకు బావా? పొరపాటని తేలిపోనాది గదా. నాను పాడిన డబ్బు గుడికి ఇచ్చీత్తాను, బండి నువ్వు తోలుకెళ్లిపో. నాకు కోడి సాలు."

అందరికీ అంతా అర్థమైంది. ఆనందకుమార్ పుస్తకంలో గీత కొట్టడానికి పెన్సిలు నాలుకకు తడుపుకున్నాడు.

"ఆగు," అంది ఆరోగ్యమ్మ.

ఆమె చెవులు సగమే పనిచేస్తాయి. ఇవాళ మాత్రం ఒక్క మాటా పోలేదు. చాప మీంచి లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కొడుకు దగ్గరికి నడిచింది.

"మీ అయ్యకి తెలుసా?"

అబద్ధం ఆడటానికి ఎంతో చోటుంది. జ్ఞానదాసు ఆ చోటంతా ఒకసారి చూశాడు.

"తెలుసమ్మా. ఆ రోజు పక్కనే ఉన్నాడు. సీసం కరిగించింది ఆయనే. నీకు చెప్పొద్దన్నాడు."

"యాభై ఎనిమిదిలో."

"ఆఁ."

"అరవయ్యారులో గదా ఆయన పోనాది?" ఆరోగ్యమ్మ లెక్క కట్టడం లేదు, ఎవర్నో పిలుస్తున్నట్టుంది. "ఆ ఎనిమిదేళ్లూ వానలు ఎలవగానే అనీవోడు. బండి బాగుచేసుకుంటన్నాను ఆరోగ్యం, ఈ ఏడు మళ్లీ నిన్ను పక్కన కూకోబెట్టి తిప్పుతాను అని. నాను ఏటేటా సీర ఉతికి పెట్టుకునీదాన్ని."

కుచ్చెళ్లు ఒకసారి సర్దుకుంది.

ఆమె కారు వైపు చూడలేదు. దాలయ్య వైపు తిరిగింది.

"వేలంలో పాడుకున్నది నువ్వు. అది నీదే. పట్టుకెళ్లిపో నాయినా."

"అత్తయ్యా!" పుష్పకుమారి లేచి నిలబడింది. "వద్దు, అలా ఇచ్చీకండి. దాలయ్యన్నా, నువ్వు ముట్టుకోకు!"

దాలయ్య కారు మీద వేసిన చెయ్యి తీయలేదు, తొయ్యలేదు. చంకలో కోడి గింజుకుంటోంది. అతను అత్తనూ చూడలేదు, కోడలినీ చూడలేదు.

"నువ్వు సెప్పు బావా," అన్నాడు. "తొయ్యమంటావా, ఉంచమంటావా?"